నీ చాదస్తం కాకపోతే...

(తెలంగాణ భాషా దినోత్సవం నాడు జూలూరుపాడులో చేసిన ఉపన్యాసం)



ఇవాళ సెప్టెంబరు 9. కాళోజీ నారాయణరావు గారు 1914లో పుట్టిన రోజు. బడిలో నేర్పే భాష వేరు, జనం నోట్లో నలిగే భాష వేరు, రెండోదానికి మర్యాద దక్కాలి అని బతికినంతకాలం పోట్లాడిన మనిషి. ఆయన పేరు మీద జరుపుకునే పండుగనాడు పెద్ద పెద్ద మాటలు ఎందుకని, బాగా నలిగిన మాట ఒకటి ఎంచుకుని వచ్చాను. చాదస్తం. రిటైరైన తెలుగు పండితుడికి ఇంతకంటే సొంత సబ్జెక్టు ఏముంటుందని ముందు వరసలో ఎవరో అన్నారు. విన్నాను. చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

ఈ మాటకు అర్థం తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. తలుపుకు తాళం వేసి, వీధి మలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూడటం చాదస్తం. కొత్తగూడెం బస్సు పదింటికైతే ఎనిమిదింటికే స్టాండులో కూర్చోవడం చాదస్తం. ఫోన్‌లో ‘చేరావా?’ అని అడిగి, చేరానని చెప్పాక ‘ఎన్నింటికి చేరావు, ఎవరు దింపారు, ఏం తిన్నావు’ అని ఆరా తీయడం చాదస్తం. అక్కరకు మించిన పట్టింపు. అర్థం అంతే. కాని ఈ మాటను ఎవరు ఎవరిని అంటారో ఎప్పుడైనా గమనించారా?

కొడుకు తండ్రిని అంటాడు. కోడలు అత్తను అంటుంది, వినపడనంత దూరంలో. మనవరాలు అమ్మమ్మను మొహం మీదే అంటుంది, అమ్మమ్మ నవ్వుతుంది. చిన్నవాళ్లు పెద్దవాళ్లను అనే మాట ఇది. పెద్దవాళ్లు చిన్నవాళ్లను అనడం చాలా తక్కువ. ఇంతే పట్టింపు పసిపిల్ల కంచం ముందు చూపిస్తే ‘నకరాలు పడుతోంది’ అంటాం. కుర్రవాడు చూపిస్తే ‘అతి’ అంటాం, ఈ మధ్య ‘ఓవరాక్షన్’ అంటున్నాం. మగపెళ్లివారు చూపిస్తే ‘పట్టింపులున్న కుటుంబం’ అని గొంతు తగ్గించి చెప్పుకుంటాం. కుర్చీలో ఉన్న అధికారి చూపిస్తే ‘నిక్కచ్చి మనిషండీ’ అని మెచ్చుకుంటాం. ఇంట్లో పడక్కుర్చీలో ఉన్న ముసలాయన చూపిస్తే మాత్రం చాదస్తం. ఆయన పదవీ విరమణ సన్మానం అయిపోయి, శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టిన మర్నాటి నుంచి నిక్కచ్చితనం కాస్తా చాదస్తం అయిపోతుంది. మనిషి మారలేదు, అలవాటు మారలేదు. చేతిలో ఉన్న సంతకం పోయిందంతే.

ఇంకో సంగతి. నకరాలు పడతారు, పేచీ పెడతారు, వంకలు పెడతారు, సతాయిస్తారు. ఇవన్నీ మనిషి కావాలని చేసే పనులు. చాదస్తాన్ని ఎవరూ చేయరు. అది ఉంటుంది. ‘ఆయనకు కాస్త చాదస్తం ఉంది’, ‘ఈ మధ్య ముదిరింది’. క్రియాపదాన్ని బట్టే తీర్పు తెలిసిపోతోంది చూడండి: ఒంటికి వచ్చిన జబ్బులా వచ్చింది, మనిషి తప్పేమీ లేదు. అంటే ఈ మాటలో మందలింపు ఎంత ఉందో మన్నింపు కూడా అంతే ఉంది. ఈ మన్నింపు దగ్గరే నాకు పేచీ. దాని దగ్గరికి వచ్చేముందు మాట పుట్టుక చూద్దాం.

సంస్కృతంలో ఛందస్సు అంటే వేదం. ఛందస్సు చదువుకున్నవాడు ఛాందసుడు. అమరకోశం తెరిచి చూడండి, శ్రోత్రియుడూ ఛాందసుడూ సమానార్థకాలని ఉంటుంది. ఇద్దరూ వేదం క్షుణ్ణంగా వచ్చినవాళ్లే. అన్నదమ్ముల్లాంటి ఈ రెండు మాటలూ తెలుగులోకి వచ్చాయి. శ్రోత్రియుడు ఇప్పటికీ గౌరవంగా బతుకుతున్నాడు. ఛాందసుడి గుణమైన ఛాందసానికి ఒత్తు రాలింది, సున్న రాలింది, చివర ‘సం’ కాస్తా ‘స్తం’ అయింది, మర్యాద పూర్తిగా పోయింది. ఒకడికి అలా, ఒకడికి ఇలా ఎందుకయిందని ఆలోచిస్తే నాకు సరదాగా ఒకటి తోస్తుంది. వేదం చదివినవాళ్లకు రాజులు ఇచ్చిన భూములకు శ్రోత్రియం అని పేరు. శ్రోత్రియం గ్రామాలు పాత రెవెన్యూ కాగితాల్లో కనిపిస్తాయి. ఛాందసం పేరుతో ఎవరూ సెంటు భూమి ఇవ్వలేదు. కాగితాల మీద భూమి ఉన్న మాటకు పరువు నిలిచింది, లేనిది నవ్వులపాలయింది. ఇది శాస్త్రం కాదు, నా ఊహ, నవ్వి వదిలేయండి.

అసలు కారణం వినేవాళ్ల చెవుల్లో ఉందనుకుంటాను. వేదాన్ని చాలాకాలం రాసిపెట్టుకోలేదు. నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి. ఒక్క అక్షరం జారకుండా, ఒక్క స్వరం తప్పకుండా కాపాడటానికి వల్లె వేసే పద్ధతులు కనిపెట్టారు. పదపాఠం, క్రమపాఠం, జట, ఘన. ఘన ఎలా ఉంటుందో మన మాటల్లోనే చెబుతాను. ‘మిరప, కల్లం, దగ్గర’ అని మూడు మాటలున్నాయనుకోండి. ఘనాపాఠి దాన్ని ఇలా చదువుతాడు: మిరప కల్లం, కల్లం మిరప, మిరప కల్లం దగ్గర, దగ్గర కల్లం మిరప, మిరప కల్లం దగ్గర. ఇక్కడితో అయిపోలేదు. తర్వాత ‘కల్లం, దగ్గర’తో మొదలుపెట్టి ఆ పక్క మాటను కలుపుకుని మళ్లీ ఇదే తిరుగుడు. మంత్రం మంత్రానికీ ఇంతే. మాటను ముందుకూ వెనక్కూ తిప్పి చదివితే ఒక మాట జారిపోవడానికీ, కొత్తది దూరడానికీ సందుండదు. లెక్క సరిచూసుకునే యంత్రం లేని కాలంలో మనిషి గొంతుతోనే సరిచూసే ఏర్పాటు. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించడానికి వెనక ఉన్న బలం ఇదే.

మీరు ఇప్పుడు నవ్వారు. నేను ‘దగ్గర కల్లం మిరప’ అన్నప్పుడు ఈ హాలంతా నవ్వింది. ఆ నవ్వే చాదస్తం అనే మాటకు పుట్టిల్లు. కారణం తెలిసినవాడికి అది జాగ్రత్త. తెలియనివాడికి చెప్పిందే చెప్పడం. వేదం అర్థం కాని ఊళ్లో, వేదం చదివినవాడు బజారుకొచ్చి బెండకాయల బేరం కూడా అదే పట్టింపుతో చేస్తే ఊరు ఇంకేమంటుంది? తన చదువును సందర్భం లేని చోటికి మోసుకొచ్చేవాడని అంది. చదువుకు సంబంధించిన మాటకు ఈ గతి పట్టడం మన దగ్గరే కాదు. ఇటలీ భాషలో బడిపంతులుకు ఉన్న ‘పెడాంతే’ అనే మాట ఇంగ్లీషులోకి పోయి పుస్తకాల పురుగు, తప్పులు పట్టేవాడు అనే ఎగతాళి అయింది. ఏ దేశంలోనైనా చదువు చెప్పేవాడి పరిస్థితి ఇంతే, బతకలేక బడిపంతులు అన్న సామెత మనకెలాగూ ఉంది.

ఒక చమత్కారం చెప్పి ముందుకు పోతాను. పాణిని తన వ్యాకరణంలో ‘ఇది లోకంలో వాడుక, ఇది ఛందస్సులో వాడుక’ అని విడదీస్తాడు. వేదంలో మామూలు సూత్రాలకు లొంగని రూపాలుంటాయి. తర్వాతి వ్యాఖ్యాతలు ఎక్కడైనా నియమం తప్పిన ప్రయోగం కనపడితే ‘ఇది ఛాందసం’ అని సర్దిచెప్పి ఊరుకుంటారు. అంటే వ్యాకరణంలో ఛాందసం నియమం నుంచి సడలింపు. మన ఇళ్లలో చాదస్తం నియమాన్ని సడలించకపోవడం. ఒకే మాట తలకిందులైంది. పత్రికలవాళ్లు పాత రూపాన్నే ఇంకో దారి పట్టించారు. ‘మత ఛాందసవాదం’ అన్నప్పుడు నవ్వు లేదు, భయం ఉంది. సున్న ఉంటే రాజకీయం, సున్న పోతే సంసారం.

సంసారం అంటే భానుమతి గారి ‘అత్తగారి కథలు’ గుర్తుకు రావాలి. సినిమాల్లో కళ్లెర్రజేసే అత్తలు నిండిపోయిన కాలంలో, ఆవిడ తన కథల్లో మడికట్టుకుని, అమాయకంగా, తన మాటే నెగ్గాలనే ఒక అత్తగారిని నిలబెట్టారు. ఆవిడకు ఉన్నదంతా చాదస్తమే. విషం చుక్క కూడా లేదు. తెలుగువాళ్లు ఆవిడను తమ ఇంటి మనిషిని చేసుకున్నారు. శ్రీరమణ గారి ‘మిథునం’లో అప్పదాసు తిండి మీద పెట్టే పట్టింపు కూడా ఆ జాతిదే. బాపుగారు ఆ కథను మొత్తం తన చేత్తో తిరగరాశారు. 2012లో తనికెళ్ల భరణి గారు దాన్ని సినిమా తీశారు. మన సాహిత్యంలో ఈ మాటకు ప్రేమ దక్కిందంటే ఇలాంటి వాళ్ల వల్లే. సామెత దగ్గర మాత్రం అంత దయ లేదు: చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు. ఇది ఆడవాళ్లు కట్టిన సామెతని వేరే చెప్పాలా? కథల్లో, సినిమాల్లో చాదస్తం అంటే ముసలివాళ్లకే అంటగడతాం. సామెత మాత్రం మొగుణ్నే పట్టుకుంది.

ఇక మన ఊరి సంగతి. జూలూరుపాడు నిలబడిన చోటు చూడండి. ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోయే రోడ్డు మీద ఉన్నాం. ఒకవైపు పత్తి చేలు, మిరప తోటలు, ఇంకోవైపు అడవి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా అయ్యాం, 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయ్యాం. నిజాం కాలం ఉర్దూ మాటలు, కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి తోటలు పెట్టినవాళ్ల మాటలు, సింగరేణి బొగ్గు గనుల్లోకి నలుమూలల నుంచి వచ్చినవాళ్ల మాటలు, కోయ గూడేలు, లంబాడీ తండాలు, అన్నీ ఒకే సంతలో కలుస్తాయి. అందుకే ఒకే వాక్యంలో ‘ఏంది నాయనా నీ చాదస్తం, ఊకె పరేషాన్ చేస్తవు’ అని వినిపించేది ఇలాంటి ఊళ్లలోనే. చాదస్తం సంస్కృతం నుంచి అరిగి వచ్చింది. నకరా, పరేషాన్ పారసీ దారిన ఉర్దూ మీదుగా వచ్చాయి. కతలు పడటం మన నేల పలుకుబడి. ఏ ఇంట్లో ఏది ముందు నోటికొస్తుందో వింటే ఆ ఇంటివాళ్లు ఎటు నుంచి వచ్చారో సగం చెప్పొచ్చు.

ఈ ఊళ్లో చాదస్తం బాగా కనపడే చోటు మిరప కల్లం. కోసిన కాయ కల్లంలో ఎర్రటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. రాత్రి మంచుకు తడవకుండా పట్టాలు కప్పుతారు, పొద్దెక్కాక తీస్తారు. పిల్లలు ‘ఎండింది, బస్తాలు కట్టేద్దాం, రేపు ఖమ్మం మార్కెట్‌లో రేటుంది’ అంటారు. ఇంటి పెద్దాయన వినడు. గుట్ట అడుగు నుంచి ఒక కాయ తీస్తాడు, పైకాయ కాదు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. లోపల గింజ గలగలమనాలి. అనకపోతే ఇంకో కాయ. ఆ మూల నుంచి ఒకటి, ఈ మూల నుంచి ఒకటి. తొడిమ దగ్గర వేలితో నొక్కి చూస్తాడు, మెత్తగా తగిలితే ఇంకో ఎండ అంటాడు. ఆ పక్కన ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతుంటారు. తెల్లబారిన కాయ, మచ్చ పడిన కాయ, పురుగు తొలిచిన కాయ వేరే కుప్ప. పెద్దావిడ ఏరిన కుప్పలోంచే మళ్లీ నాలుగు కాయలు తీసి తాలులో పడేస్తుంది. కోడలు తల ఎత్తి చూసి ఏమీ అనదు. కొడుకు మాత్రం అనేస్తాడు: ‘నీ చాదస్తం కాకపోతే, ఆ నాలుగు కాయలకు ఏమవుద్దే?’

ఏమవుతుందంటే, పచ్చి ఉన్న కాయ బస్తాలో పడితే బూజు పడుతుంది. ఆ బూజులో ఒక రకం అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. యూరప్ దేశాలు మిరపలో ఈ విషం మొత్తం కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు రానివ్వవు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల్లో ఒక వంతు. పెద్దాయన చెవి దగ్గర కాయ ఆడించి వెతికేది తడిని, ఓడరేవులో లేబరేటరీ పరీక్ష వెతికేది ఆ తడి తెచ్చిన విషాన్ని. పత్తికీ ఇదే లెక్క. భారత పత్తి సంస్థ సీసీఐ మద్దతు ధరకు కొనాలంటే తేమ 8 శాతం ఉండాలి. 12 దాకా కోతపెట్టి తీసుకుంటారు, ఆపైన ఉంటే బండి వెనక్కి తిరగాల్సిందే. ‘ఇంకొక్క ఎండ’ అన్న ముసలివాళ్ల చాదస్తానికి కారణం ఉంది. కారణాన్ని శాతాల్లో చెప్పలేకపోయారు, అంతే.

భద్రాచలం పోయే జనం మన రోడ్డు మీదుగానే పోతారు కాబట్టి ఇంకో ఉదాహరణ. శ్రీరామనవమి కల్యాణానికి గోటి తలంబ్రాలు వస్తాయని మీకు తెలుసు. తూర్పుగోదావరి కోరుకొండ నుంచీ, చీరాల నుంచీ భక్తులు పంపుతారు. ప్రత్యేకంగా పండించిన వడ్లను రోట్లో దంచరు, మిల్లు పట్టించరు. ఒక్కొక్క గింజనూ గోటితో వలుస్తారు. గింజ విరిగితే పనికిరాదు. పొట్టు చీలి, బియ్యం గింజ మొన కూడా చెక్కుచెదరకుండా బయటికి రావాలి. ఒక గుప్పెడు బియ్యం కావడానికి ఎంతసేపు పడుతుందో ఇంటికెళ్లి పది గింజలు వలిచి చూడండి. మిల్లు ఉండగా ఇదేం చాదస్తం అనొచ్చు. కాని ఆ చేతులు ఎవరినీ ఇబ్బంది పెట్టడం లేదు. పట్టింపూ వాళ్లదే, కష్టమూ వాళ్లదే, తృప్తీ వాళ్లదే. దీన్ని చాదస్తం అనే హక్కు పక్కవాడికి ఎక్కడుంది?

కోయ గూడేల్లో కొత్తల పండుగ అయ్యేదాకా ఆ ఏటి కాయ ముట్టరు. చెట్టు మీద మామిడి ఊరిస్తున్నా ఊరంతా ఆగుతుంది. బయటి నుంచి వచ్చి చూసినవాడు దీనికి మూఢత్వం అని పేరు పెట్టి పోతాడు. అడవిలో కాయ పక్వానికి రాకముందే తెంపితే విత్తు ఎక్కడిదని అతను అడగడు.

ఇంతవరకు ఈ మాట తగలకూడని వాళ్లకు తగిలిన సంగతులు చెప్పాను. ఇప్పుడు నేను మొదట్లో అన్న పేచీ. ఈ మాట కప్పకూడని వాటిని కప్పుతోంది.

‘మా నాయనమ్మకు కాస్త చాదస్తంలెండి, పాలేరుకు కాఫీ వేరే గ్లాసులో ఇచ్చేది.’ ఈ వాక్యాన్ని మనలో చాలామంది విన్నాం, కొందరం అన్నాం. పాత రోజుల మురిపెంగా, నవ్వుతూ చెబుతారు. ఆ గ్లాసు పెరట్లో గోడ మీద బోర్లించి ఉండేది. తాగినవాడే కడిగి పెట్టాలి. నీళ్లు పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. హోటళ్లలో రెండు గ్లాసులు ఉన్న ఊళ్లు మన చుట్టుపక్కల లేవని ఎవరూ ప్రమాణం చేయలేరు. దాన్ని చాదస్తం అనడం అంటే ఆ ముసలావిడకు మన్నింపు ఇచ్చి, దోసిలి పట్టినవాడిని లెక్కలోంచి తీసేయడం. అది అంటరానితనం. 1950లోనే రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది. 1955లో చట్టం వచ్చింది, 1989లో ఇంకా గట్టిది వచ్చింది. చట్టం నేరం అన్నదానికి మనం ఇంట్లో ముద్దుపేరు పెట్టుకున్నాం. దోసిలి పట్టినవాడి మనవడు కూడా ఈ సభలో ఉండొచ్చు. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన మొహం చూసి చెప్పగలమా? మడి పేరుతో నెలసరి రోజుల్లో ఆడపిల్లను వాకిట్లో పడుకోబెట్టడం, వితంతువును శుభకార్యానికి ఎదురు రానివ్వకపోవడం, ఇవన్నీ కూడా ఇదే మాట చాటున దాక్కున్నాయి. మిరపకాయ ఆడించే పెద్దాయనదీ, గ్లాసు బోర్లించే పెద్దావిడదీ ఒకే చాదస్తం ఎలా అవుతుంది? ఒకచోట పట్టింపు బరువు తన నడుము మీద పడుతోంది. రెండోచోట ఎదుటివాడి పరువు మీద పడుతోంది.

ఆఫీసుల్లో పుట్టే రకం ఇంకొకటి ఉంది. దానికి మన ఉద్యోగులు మంచి పేరు పెట్టారు, కొర్రీ. ఇంగ్లీషు ‘క్వెరీ’ తెలుగు నీళ్లు తాగి కొర్రీ అయింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంది, పాసుపుస్తకంలో వెనక ఉంది, కొర్రీ. ఇంగ్లీషులో మన ఊరి పేరు ఒక కాగితంలో ‘జూలూర్‌పాడ్’, ఇంకో కాగితంలో ‘జూలూరుపాడు’, కొర్రీ. తండా నుంచి వచ్చిన రైతు ఆ రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని మళ్లీ రావాలి. దీన్ని ఎవరూ చాదస్తం అనరు. ‘రూల్ ప్రకారం’ అంటారు. కాని అసలైన చాదస్తం ఇదే. కారణం మరిచిపోయిన నియమం, దాని బరువంతా ఇంకొకడి నెత్తిన.

మన భాషకే పట్టిన చాదస్తం సంగతి చెప్పకపోతే ఈ రోజు సభకు న్యాయం జరగదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేశారు. గొప్ప పుస్తకం, అందులో సందేహం లేదు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పట్టుకుని, నోట ఎవరూ పలకని అరసున్న పెట్టలేదని, బండిరకు బదులు మామూలు రకారం రాశారని పిల్లల మార్కులు కోశారు. రాతలో గ్రాంథికమా, వాడుకభాషా అన్న యుద్ధం 1911 తర్వాత మద్రాసులో ముదిరింది. ఒకవైపు జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు. ఇంకోవైపు గిడుగు రామమూర్తి గారు. గిడుగు ఏం చేశారో చూడండి. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతలనే ముందేసుకుని, వాళ్ల లెక్క ప్రకారమే వాళ్లు చేసిన తప్పులు ఒక్కొక్కటీ ఏరి చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని పుస్తకానికి పేరే పెట్టారు. తాలు ఏరినట్టు ఏరారు. చాదస్తాన్ని అంతకు మించిన చాదస్తంతో ఓడించారని నేనంటాను. ఆయన అభిమానులు కోప్పడకూడదు. ఆ పట్టుదలే ఆయన్ను సవర కొండల్లోకి తీసుకుపోయింది. లిపి లేని సవర భాషలో గొంతులో తెగిపోయే ఊపిరిని సైతం పట్టుకుని గుర్తులు పెట్టారు. మలేరియాకు మింగిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు బయటికి వచ్చాయి. అడవి అంచున ఉన్న మనకు గిడుగు గొప్పతనం వాడుకభాషా వాదంలో కంటే ఈ రెండు పుస్తకాల్లోనే ఎక్కువ కనపడాలి.

చివరిగా కుర్రవాళ్లకు ఒక మాట. ఈ మధ్య మీరు చాదస్తం మానేసి ‘వాడికి ఓసీడీరా’ అంటున్నారు. 2017లో మారుతి గారి ‘మహానుభావుడు’ సినిమాలో శర్వానంద్ అతిశుభ్రత చూసి మనమంతా నవ్వాం. నవ్వడానికి తీసిన సినిమానే. కాని నిజంగా ఆ జబ్బు ఉన్నవాడికి నవ్వు రాదు. చేతులు కడిగినా కడగలేదనే ఆలోచన తనకు ఇష్టం లేకుండానే వస్తుంది, చర్మం పగిలినా కడుగుతూనే ఉంటాడు, లోపల నరకం పడతాడు. చాదస్తం ఉన్నాయన తన చాదస్తంతో హాయిగానే ఉంటాడు. తేడా అక్కడ తెలుస్తుంది. ఇంట్లో అలా బాధపడేవాళ్లుంటే పేరుపెట్టి వెక్కిరించకండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. దానికి వైద్యం ఉంది.

ఇక నా మనవి. ఇక్కడికి కాకర్ల, పాపకొల్లు, అన్నారుపాడు, బేతాళపాడు, పడమటనర్సాపురం నుంచి వచ్చిన టీచర్లున్నారు, పిల్లలున్నారు. సంక్రాంతి సెలవుల్లోపు ఒక్కొక్కరు ఒక్క పేజీ రాసి ఇవ్వండి. మీ ఇంట్లో, మీ వాడలో పట్టింపు ఎక్కువైన మనిషిని ఏ మాటతో అంటారు, ఎవరు ఎవరిని అన్నారు, ఏ పని చేస్తుండగా అన్నారు. ఆ తర్వాత ఆ పని చేసినవాళ్లనే అడిగి, ఎందుకలా చేస్తారో వాళ్ల మాటల్లోనే రాయండి. కోయ మాటైనా, లంబాడీ మాటైనా తెలుగు లిపిలో రాస్తే చాలు. పేజీలన్నీ కుట్టి మన లైబ్రరీలో పెడదాం. అక్షరదోషాలు దిద్దే పని నాకు వదిలేయండి.